వాట్లు ట్రాన్సిస్టర్‌లో ఉండవు

సొంతంగా ట్రాన్స్‌మిటర్ కట్టుకుందామనుకున్న హామ్ (అభిరుచి కోసం లైసెన్సుతో రేడియో నడిపేవాడు) మొట్టమొదట అడిగే మాట: "ఫైనల్‌లో, అంటే యాంటెనాకు ముందున్న ఆఖరి దశలో, ఏ ట్రాన్సిస్టర్ వేస్తే ఎక్కువ వాట్లు వస్తాయి?" నాలుగు పేర్లు చెప్పి పంపించేయడం తేలికే. కానీ ఆ పేర్లు పట్టుకుని వెళ్లినవాళ్లలో చాలామంది ఖరీదైన ట్రాన్సిస్టర్ కొని, పాతది పీకి కొత్తది పెట్టి, మీటర్ మీద అవే ఐదు వాట్లు చూసి నిరాశపడతారు. కొన్నిసార్లు ఆ ఐదు కూడా రావు. తప్పు ట్రాన్సిస్టర్‌ది కాదు, ప్రశ్నది. ఎన్ని వాట్లు రావాలన్నది బ్యాటరీ వోల్టేజీ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి కలిసి నిర్ణయిస్తాయి. ఆ కరెంటును, ఆ వోల్టేజీని, ఆ వేడిని చావకుండా భరించడమే ట్రాన్సిస్టర్ పని. కుళాయి పెద్దది బిగించినంత మాత్రాన ట్యాంకులో నీళ్లు పెరగవు.

లెక్క చిన్నదే. పుష్-పుల్‌లో, అంటే రెండు ట్రాన్సిస్టర్లు చెరో సగం సైకిల్ పంచుకుని పనిచేస్తున్నప్పుడు, సప్లయ్ వోల్టేజీలోంచి ట్రాన్సిస్టర్ తనకోసం మింగేసే వోల్టేజీ తీసేయండి. మిగిలినదాన్ని వర్గం చేసి, రెండుతో గుణించి, ఒకదాని డ్రెయిన్ (పవర్ బయటికొచ్చే కాలు) నుంచి రెండోదాని డ్రెయిన్‌కు కనపడే లోడుతో భాగించండి. వచ్చేదే గరిష్ఠ పవర్. 12 వోల్టుల బ్యాటరీ, ట్రాన్సిస్టర్ మింగేది 2 వోల్టులు అనుకుంటే మిగిలేది 10. ట్రాన్స్‌ఫార్మర్ 1:1 అయితే లోడు 50 ఓమ్‌లు, పవర్ 4 వాట్లు. చుట్లు 2:3 అయితే లోడు 22 ఓమ్‌లు, పవర్ 9 వాట్లు. 1:2 అయితే లోడు 12.5 ఓమ్‌లు, పవర్ 16 వాట్లు. ఈ మూడు అంకెల్లో ఎక్కడా ట్రాన్సిస్టర్ పేరు లేదు. 1:1 ట్రాన్స్‌ఫార్మర్ అలాగే ఉంచి వంద వాట్ల ట్రాన్సిస్టర్ పెట్టినా వచ్చేవి ఆ నాలుగు వాట్లే.

అందుకే ముందు మన అవసరం తేల్చుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా మాట్లాడాలంటే రెండు మీటర్ల బ్యాండులో చేతి సెట్టుతో నేరుగా కుదరదు. దూరం ఎక్కువ, మధ్యలో తూర్పు కనుమల గుట్టలు. 7 మెగాహెర్ట్జ్‌లో, ఏడెనిమిది మీటర్ల ఎత్తున ఇన్వర్టెడ్-వీ (తలకిందుల వి ఆకారంలో కట్టే తీగ యాంటెనా) కడితే సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, అయనావరణం నుంచి కిందికి తిరిగి వచ్చి, పగటిపూట చుట్టుపక్కల రెండు మూడు వందల కిలోమీటర్లు కమ్ముతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హామ్‌కి మొదటి ట్రాన్స్‌మిటర్ 7 మెగాహెర్ట్జ్‌దే కావాలని నా అభిప్రాయం. అది మెయిన్స్ మీద కాకుండా బ్యాటరీ మీద నడవాలి కూడా. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. అలాంటి రోజుల్లో ఇంట్లో మిగిలేది ఇన్వర్టర్ బ్యాటరీయే. యాంటెనా కట్టిన చెట్టు ఒరిగితే తీగ వేలాడుతుంది, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే కొలత) పాడవుతుంది. ట్రాన్సిస్టర్‌ను ఆ పరిస్థితికి తగ్గట్టు ఎంచుకోవాలి. టేబుల్ మీద డమ్మీ లోడుకు (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) బాగా పనిచేస్తే చాలదు.

ఇన్వర్టర్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టులు, లోడు పడ్డాక 12, అరిగాక 11.5. ఛార్జర్ తగిలించి ఉంటే 13.8 పైన. ఇందాకటి లెక్కలో ఇవి పెట్టి చూడండి. 1:2 ట్రాన్స్‌ఫార్మర్‌తో 13.8 దగ్గర 22 వాట్లు వచ్చే ఆంప్లిఫయర్ 11.5 దగ్గర 14 వాట్లకు దిగుతుంది. అది లోపం కాదు, వర్గం లెక్క అంతే. ఆ తేడా చూసి కంగారుపడి బయాస్ (సిగ్నల్ లేనప్పుడు ట్రాన్సిస్టర్‌కు ఇచ్చే వోల్టేజీ) పెంచేవాళ్లున్నారు. దానివల్ల వేడి పెరుగుతుంది తప్ప పవర్ పెరగదు.

వాట్ల మోజు మీద కూడా ఒక మాట చెప్పాలి. 5 వాట్ల నుంచి 20 వాట్లకు వెళ్తే వచ్చే లాభం 6 డెసిబెల్స్. అవతలివాళ్ల ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) మీద అది ఒక్క గీత. ఒరిగిన యాంటెనాను నిలబెడితే అంతకంటే ఎక్కువ లాభం రావచ్చు.

ఇప్పుడు పేర్లకు వద్దాం. ఐఆర్‌ఎఫ్510 స్విచింగ్ పనుల కోసం తయారైన మాస్‌ఫెట్ (గేటు అనే కాలికి ఇచ్చే వోల్టేజీతో నడిచే ట్రాన్సిస్టర్). రేడియో కోసం ఎవరూ తయారుచేయలేదు. అయినా హామ్‌లకు ఇంత చేరువ కావడానికి కారణం దాని గేటు కెపాసిటెన్స్ తక్కువగా, 180 పికోఫారడ్లు మాత్రమే ఉండడం. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ సొంతంగా కట్టుకునే తన బిట్ఎక్స్ రేడియో డిజైన్లలో దీన్నే ఫైనల్‌గా వాడాడు. టీవీ బాలన్ కోర్ల మీద ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టుకునే ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. దీని డ్రెయిన్ 100 వోల్టుల వరకు తట్టుకుంటుంది, 5.6 ఆంపియర్లు, జంక్షన్ వేడి 175 డిగ్రీల వరకు. యాంటెనా తెగిపోయినా, ఎస్‌డబ్ల్యూఆర్ పిచ్చిగా ఉన్నా 12 వోల్టుల సప్లయ్ మీద డ్రెయిన్ వోల్టేజీ 100 దాటడం అరుదు. మన తుపాను పరిస్థితికి దీన్ని మించిన గుణం లేదు.

దాని బలహీనత 12 వోల్టుల దగ్గరే బయటపడుతుంది. ఆన్‌లో ఉన్నప్పటి నిరోధం చల్లగా ఉంటే 0.54 ఓమ్, వేడెక్కితే ముప్పావు ఓమ్ దాటుతుంది. 1:2 ట్రాన్స్‌ఫార్మర్‌తో ఒక్కో ట్రాన్సిస్టర్‌లో శిఖర కరెంటు 3 ఆంపియర్లు. అంటే ట్రాన్సిస్టర్ ఒక్కటే రెండున్నర వోల్టులు మింగేస్తుంది. అవుట్‌పుట్ కెపాసిటెన్స్ 81 పికోఫారడ్లని డేటాషీటులో ఉంటుంది గానీ అది 25 వోల్టుల దగ్గరి అంకె. 12 దగ్గర బాగా ఎక్కువ, డ్రెయిన్ సున్నా వైపు దిగే ప్రతి సైకిల్‌లో ఇంకా ఎక్కువ. అందుకే 12 వోల్టుల మీద ఐఆర్‌ఎఫ్510 జతకు 2:3 చుట్లే సరైనవని నేను గట్టిగా చెబుతాను. ప్రైమరీ మధ్య ట్యాప్‌తో ఒకటి-ఒకటి, మొత్తం రెండు చుట్లు. సెకండరీ మూడు. బీఎన్-43-202 కోరు పది వాట్ల లోపు చాలు. శిఖర కరెంటు 1.8 ఆంపియర్లకు తగ్గుతుంది, మింగే వోల్టేజీ ఒకటిన్నర చిల్లర. ఏడెనిమిది వాట్లు నిలకడగా, శుభ్రంగా వస్తాయి. డీసీని ప్రైమరీ మధ్య ట్యాప్ నుంచి ఇచ్చినా పనిచేస్తుంది. ఎఫ్‌టీ50-43 మీద రెండు తీగలు మెలిపెట్టి పది చుట్లు చుట్టిన విడి చోక్ నుంచి ఇస్తే ఇంకా మేలు.

మన పట్టణాల్లో స్పేర్ పార్టుల షాపుకు వెళ్లి ఐఆర్‌ఎఫ్510 అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు, "అది లేదు, దానికంటే పెద్దది ఉంది." ఇన్వర్టర్ రిపేర్లకు వాడే ఐఆర్‌ఎఫ్540, జెడ్44ఎన్ ప్రతి షాపులోనూ ఉంటాయి. కరెంటు రేటింగ్ చూస్తే నిజంగానే పెద్దవి. కానీ 540 గేటు కెపాసిటెన్స్ 1,700 పికోఫారడ్లు, జెడ్44ఎన్‌ది 1,470. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 510 గేటు సుమారు 126 ఓమ్‌ల అడ్డుగా కనపడితే 540 గేటు 13 ఓమ్‌లే. బీడీ139తో కట్టిన అర వాట్ డ్రైవర్ (ఫైనల్‌కు సిగ్నల్ అందించే ముందు దశ) ఆ గేటును ఊపలేదు. ఊపినట్టు కనపడినా సగం సైకిల్‌లో ఆన్, సగంలో ఆఫ్ కాకుండా మధ్యలో వేలాడుతూ వేడెక్కుతుంది. ఐఆర్‌ఎఫ్520 గేటు 360 పికోఫారడ్లు. 7 మెగాహెర్ట్జ్‌లో ఎలాగో నెట్టుకురావచ్చు, 14లో కష్టం. 530 జోలికి వెళ్లకండి, దాని గేటు 670. షాపులో దొరకకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచో, చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో తెప్పించుకోండి. ఐదారు కలిపి కొంటే జత కలుపుకోవడానికీ పనికొస్తాయి. "పెద్దది" మాత్రం తీసుకోకండి.

రెండో పేరు మిట్సుబిషీ ఆర్‌డీ16హెచ్‌హెచ్‌ఎఫ్1. ఇది రేడియో కోసమే పుట్టింది. 12.5 వోల్టుల మీద, 30 మెగాహెర్ట్జ్ దగ్గర, 0.4 వాట్ డ్రైవ్‌తో 16 వాట్లు ఇస్తుందని డేటాషీటు హామీ. ట్యాబ్ (వెనక ఉండే లోహపు రేకు) సోర్సుకు కలిసి ఉంటుంది. అంటే మైకా (కరెంటు పారనివ్వని పలుచని రేకు) లేకుండా నేరుగా హీట్‌సింక్‌కు బిగించవచ్చు. 510లో ట్యాబ్ డ్రెయిన్, మైకా తప్పదు. పలుచని మైకా వేస్తే ట్యాబ్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య వందకు అటూ ఇటూ పికోఫారడ్ల కెపాసిటర్ తయారై డ్రెయిన్‌కు వేలాడుతుంది. 7లో దాన్ని పట్టించుకోనక్కర్లేదు గానీ 28లో పవర్ పడిపోవడానికి అదీ ఒక కారణం. 14 నుంచి 28 మెగాహెర్ట్జ్ దాకా ఒకే ఆంప్లిఫయర్‌తో వెళ్లాలనుకునేవాళ్లకు ఆర్‌డీ16 పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. 7లోనే ఉండేవాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు.

ఒక జాగ్రత్త. దీని డ్రెయిన్ పరిమితి 50 వోల్టులే. క్లాస్-ఏబీలో (మాటకు వాడే మామూలు పద్ధతి) డ్రెయిన్ మామూలుగా సప్లయ్‌కు రెట్టింపు దాకా ఊగుతుంది, 12 మీద 24. అక్కడ ఇబ్బంది లేదు. రెండు బ్యాటరీలు సిరీస్‌లో పెట్టి 24 వోల్టులు ఇస్తే మాత్రం ఆ ఊపు 48కి వెళ్తుంది, ఇక ఏమాత్రం ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగినా పోతుంది. 24 వోల్టుల సప్లయ్ ఉన్నవాళ్లు ఐఆర్‌ఎఫ్510కే రావాలి, అది అసలు మెరిసేదీ అక్కడే. అవుట్‌పుట్ కెపాసిటెన్స్ తగ్గుతుంది, 1:1 ట్రాన్స్‌ఫార్మర్‌తోనే 19 వాట్ల దాకా లెక్క వస్తుంది. ఖరీదైన ఆర్‌డీ16 చేయలేని పని చవకైన 510 చేస్తుందన్నమాట. వోల్టేజీ ముందు, పేరు తర్వాత అని పట్టుబట్టడం అందుకే.

మోర్స్ మాత్రమే చేసేవాళ్లకు ఇంకా చవకైన దారి బీఎస్170. మూడు పక్కపక్కన కలిపి క్లాస్-ఈలో, అంటే పూర్తి ఆన్, పూర్తి ఆఫ్ స్విచ్‌లా, నడిపితే 12 వోల్టుల మీద మూడు నుంచి ఐదు వాట్లు, 80 శాతం పైన సామర్థ్యం. హీట్‌సింక్ అవసరం దాదాపు ఉండదు. క్లాస్-ఈలో డ్రెయిన్ వోల్టేజీ సప్లయ్‌కు మూడున్నర రెట్లు పైకి వెళ్తుంది, 12 మీద 43, 13.8 మీద 49. బీఎస్170 పరిమితి 60 కాబట్టి 12 మీద ఊపిరాడుతుంది, ఛార్జర్ తగిలించినప్పుడు అంచుకు చేరుతుంది. మాటలకు, అంటే ఎస్‌ఎస్‌బీకి ఇది పనికిరాదు. గొంతు విరిగిపోతుంది, పక్క ఛానళ్లు పాడవుతాయి.

ఇక 2ఎస్‌సీ1969. సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియోల కాలంలో మంచి ట్రాన్సిస్టర్, 27 మెగాహెర్ట్జ్ దగ్గర 16 వాట్లు. పాత పుస్తకాల సర్క్యూట్లు చూసి ఇప్పటికీ వెతుకుతున్నారు. తయారీ ఆగి చాలాకాలమైంది. ఇవాళ ఆ పేరుతో అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ భాగం వేరే ఆడియో ట్రాన్సిస్టర్లు గీకి అచ్చువేసినవి. మల్టీమీటర్‌కు అవీ మంచి ఎన్‌పీఎన్‌లే, ఆర్‌ఎఫ్ ఇచ్చాకే మోసం తెలుస్తుంది. దాన్ని కొత్తగా కొనవద్దన్నది నా స్థిరమైన సలహా. నిజమైనది చేతికొచ్చినా ఇలాంటి బైపోలార్‌లో (మాస్‌ఫెట్ కాని పాతరకం ట్రాన్సిస్టర్) వేడెక్కితే కరెంటు పెరగడం, కరెంటు పెరిగితే ఇంకా వేడెక్కడం అనే గొలుసు ఉంటుంది. బయాస్ డయోడ్‌ను ట్రాన్సిస్టర్‌కు తాకించి పెట్టకపోతే వైశాఖం ఎండల్లో అది ఎక్కువకాలం బతకదు.

ఆర్‌డీ16లోనూ నకిలీలున్నాయి, కానీ వీటిని ఇంట్లోనే పట్టుకోవచ్చు. అక్షరాలు మీ వైపు ఉంచి కాళ్లు కిందికి పట్టుకుంటే ఎడమ నుంచి గేటు, సోర్సు, డ్రెయిన్. ట్యాబ్ నడిమి కాలికి, అంటే సోర్సుకు కలిసి ఉంటుంది. మీటర్ డయోడ్ రేంజిలో ఎర్ర ప్రోబ్ ట్యాబ్‌కు, నల్లది కుడి కాలికి పెడితే అర వోల్టు చిల్లర చూపాలి. తిప్పి పెడితే ఏమీ చూపకూడదు. గీకి అచ్చువేసిన మామూలు మాస్‌ఫెట్‌లో నడిమి కాలు డ్రెయిన్ కాబట్టి ఇది సరిగ్గా తలకిందులవుతుంది: ఎర్రది కుడి కాలికి, నల్లది ట్యాబ్‌కు పెట్టినప్పుడే చూపుతుంది. అలా చూపితే వెనక్కి పంపేయండి. 510 పీకి ఆ బోర్డులోనే ఆర్‌డీ16 పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సిందీ ఇదే. నడిమి కాలూ కుడి కాలూ తారుమారు. చూసుకోకుండా అతికిస్తే లోపలి డయోడ్ గుండా సప్లయ్ నేరుగా షార్ట్.

510లను కొన్నాక జత కలుపుకోవాలి, ఎందుకంటే గేటు థ్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ ఆన్ కావడం మొదలయ్యే వోల్టేజీ) 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. గేటు, డ్రెయిన్ కలిపి, 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 12 వోల్టులకు, సోర్సు నెగెటివ్‌కు తగిలించి, డ్రెయిన్ దగ్గర వోల్టేజీ కొలవండి. 0.1 వోల్టు లోపు తేడా ఉన్నవి జత. 2 కంటే తక్కువ, 4 కంటే ఎక్కువ చూపితే ఐఆర్‌ఎఫ్510గా వాడకండి. జత కలిసినా రెండింటికీ విడివిడిగా బయాస్ పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) పెట్టండి.

బోర్డు మీద కాళ్లు మూడు నాలుగు మిల్లీమీటర్లకు కత్తిరించాలి. ఒక సెంటీమీటర్ కాలు సుమారు పది నానోహెన్రీలు, సోర్సు కాలిలో అది నేరుగా గెయిన్‌ను తింటుంది. గేటుకు ఆనుకుని 10 ఓమ్‌ల రెసిస్టర్, డ్రెయిన్ నుంచి గేటుకు 330 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ సిరీస్‌లో పెట్టి ఫీడ్‌బ్యాక్. ఈ రెండూ లేకపోతే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో గెయిన్ మరీ ఎక్కువై ఆంప్లిఫయర్ తనంతట తాను ఊగడం మొదలుపెడుతుంది. బయాస్‌కు 78ఎల్05 రెగ్యులేటర్. పాట్ నుంచి గేటుకు 1 కిలో ఓమ్ ద్వారా ఇవ్వండి. 510 చచ్చేటప్పుడు తరచుగా డ్రెయిన్, గేటు కలిసిపోయి 12 వోల్టులు వెనక్కి తన్నుతాయి. ఆ ఒక్క రెసిస్టర్ ఉంటే రెగ్యులేటర్ బతికే అవకాశం ఎక్కువ.

మొదటిసారి పవర్ ఇచ్చేముందు పాట్లు రెండూ నెగెటివ్ వైపు పూర్తిగా తిప్పి, 3 ఆంపియర్ ఫ్యూజు, డమ్మీ లోడు పెట్టండి. 1 కిలో ఓమ్, 2 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌లు, 40 వాట్లు. వైరుచుట్టిన రెసిస్టర్లు వద్దు, అవి కాయిల్స్. ఒక పాట్ నెమ్మదిగా తిప్పి కరెంటు 50 మిల్లీ ఆంపియర్లు పెరిగాక ఆపండి, తర్వాత రెండోదానితో మరో 50. ఆర్‌డీ16లైతే ఒక్కోదానికి 250. కరెంటు సాఫీగా పెరగాలి. ఒక్కసారిగా అర ఆంపియర్‌కు దూకిందంటే, పాట్ వెనక్కి తిప్పినా దిగకపోతే అది ఆసిలేషన్, అంటే ఆంప్లిఫయర్ తనంతట తాను ఊగడం. డ్రైవ్ ఏమీ లేకుండానే డమ్మీ లోడు వెచ్చబడడం మరో గుర్తు. అప్పుడు బయాస్‌తో కుస్తీపడకండి. సప్లయ్ పాయింటు దగ్గర 0.1 మైక్రోఫారడ్ సెరామిక్, పక్కనే 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ ఉన్నాయా, ఇన్‌పుట్ తీగ అవుట్‌పుట్ పక్కనుంచి పోతోందా చూడండి.

వేడి లెక్క తప్పించుకోలేం. 510 జత 8 వాట్లు ఇస్తూ పది వాట్లు వేడిగా వదులుతుందనుకోండి. వాట్ వేడికి 5 డిగ్రీలు పెరిగే హీట్‌సింక్ మీద 50 డిగ్రీలు పెరుగుతుంది. ఒక్కో ట్రాన్సిస్టర్ ఐదు వాట్లు, లోపల వాట్‌కు 3.5, మైకాకు 1, కలిపి మరో 22. మన మే నెల గదిలో 40తో మొదలుపెడితే జంక్షన్ 112 డిగ్రీలు. 175 పరిమితికి చాలా దూరం. అదే హీట్‌సింక్ మీద ఆర్‌డీ16 జత 16 వాట్లిస్తూ 16 వాట్ల వేడి వదిలితే జంక్షన్ 140 దాటుతుంది, దాని పరిమితి 150. ఎఫ్‌టీ8లాంటి, కంప్యూటర్‌తో ఆగకుండా పంపే మోడ్‌లకు ఇది ప్రమాదం. హీట్‌సింక్ రెట్టింపు చేయాలి, లేదా ఫ్యాన్ పెట్టాలి. వేడెక్కేకొద్దీ మాస్‌ఫెట్ థ్రెషోల్డ్ తగ్గి నిలకడ కరెంటు పెరుగుతుంది కనుక, బయాస్ పాట్ కింది కొసలో రెండు 1ఎన్4148 డయోడ్లు సిరీస్‌లో పెట్టి హీట్‌సింక్‌కు అంటించండి. సముద్రం పక్క ఊళ్లలో స్క్రూలు స్టెయిన్‌లెస్ వాడండి, ఉప్పుగాలికి మామూలు స్క్రూ తుప్పుపట్టి పట్టు వదులుతుంది.

చివరగా ఫిల్టర్, ఇది లేకుండా యాంటెనాకు కలపకూడదు. పుష్-పుల్ రెండో హార్మోనిక్‌ను (14 మెగాహెర్ట్జ్ దగ్గర పుట్టే రెట్టింపు ఫ్రీక్వెన్సీ) కొంత అణుస్తుంది గానీ 21 మెగాహెర్ట్జ్ దగ్గర మూడోది బలంగానే ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్‌కు నాలుగు కెపాసిటర్లు వరుసగా 270, 680, 680, 270 పికోఫారడ్లు, మధ్యలో మూడు కాయిల్స్ టీ50-2 టొరాయిడ్ల మీద 17, 19, 17 చుట్లు. కెపాసిటర్లు ఎన్‌పీ0 రకం లేదా సిల్వర్ మైకా కావాలి. మామూలు డిస్క్ కెపాసిటర్లు వేస్తే అవి వేడెక్కి విలువ మారిపోతాయి, పవర్ తగ్గుతుంది, మళ్లీ నింద ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది. ఫిల్టర్ పెట్టాక డమ్మీ లోడు మీద 8 వాట్లంటే శిఖర వోల్టేజీ 28. 1ఎన్4148, 0.01 మైక్రోఫారడ్‌తో చేసిన చిన్న డిటెక్టర్‌తో డీసీ రేంజిలోనే కొలవవచ్చు. ఆ సమయంలో బ్యాటరీ నుంచి లాగే కరెంటు ఒకటిన్నర ఆంపియర్ చుట్టుపక్కల ఉండాలి. రెండు దాటి, పవర్ మాత్రం పెరగకపోతే ముందు ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు లెక్కపెట్టండి, తర్వాత ఫిల్టర్ కాయిల్స్. ట్రాన్సిస్టర్ మార్చడం ఆ వరుసలో ఆఖరిది. డమ్మీ లోడు మీద పది నిమిషాలు నడిపి, హీట్‌సింక్ వేడి, నిలకడ కరెంటు రెండూ ఒకచోట కుదురుకున్నాకే, లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లు యాంటెనా తగిలించవచ్చు.